ఇసౌరియా బిషప్పుల ఏకగ్రీవం

ఆదివారం ఆరాధన ముగిశాక మా బిషప్పు జెనొడోటస్‌గారు లేచి, మా ఇసౌరియా సీమ బిషప్పులందరూ ఒక్క తాటి మీద ఉన్నారనీ, ప్రాణం పోయినా మాట మార్చరనీ ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ మాట ఏమిటని వెనక నుంచి ఎవరో అడిగితే, తగిన సమయంలో వెల్లడిస్తామన్నారు. ఇంత నిబ్బరం గల మనిషిని నేను మరెక్కడా చూడలేదు. నేను ఆయన బండి తోలేవాణ్ణి, పేరు నియోన్.

తగవు మీకు తెలిసిందే. కుమారుడైన క్రీస్తు తండ్రి అయిన దేవుడితో సమానమా, ఒక మెట్టు కిందా? మా వీధిలో ఇద్దరు తోడల్లుళ్ళు దీని మీదే మాటలు మానేశారు. చివరికి చక్రవర్తి మహాసభ పిలిచారు. సభ మొదలు కాకుండానే రెండుగా చీలింది. సమానమనేవాళ్ళు కొండ మీది పట్నంలో, కింద అనేవాళ్ళు రేవులో క్యాంపులు పెట్టారు. చక్రవర్తి ఎటు మొగ్గితే అటు లేనివాళ్ళు ఈజిప్టు అవతలి ఎడారికి పోవాలి. బిషప్పుతో పాటు బండి, బండితో పాటు నేను. మా ఆవిడ అమ్మియాకు అప్పటికి నెలలు నిండాయి.

“ఏమయ్యా, ఆయన్ని ఎటైనా తోలుకుపో. కాన్పుకి మాత్రం ఇంట్లో లేకపోయావో, నీ సంగతి చెబుతా,” అంది.

జెనొడోటస్‌గారి వెనక మిగతా బిషప్పుల బండ్లు బారులు తీరాయి. ఆయన విశ్వాసమే తమ విశ్వాసమని అందరూ ప్రమాణం చేశారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి, అదేమిటో చెవిలో చెప్పమన్నారు. ఆయన చెయ్యి నొక్కి పంపించారు. అధిష్ఠానం గాలి ఎటుందో చెప్పే మనిషి దారిలో కలవాలి. అందుకని సత్రం దగ్గర బండి ఆపించి, జున్నూ ఆలివ్‌కాయలూ తింటూ చాలాసేపు ధ్యానం చేశారు. మనిషి రాలేదు.

మధ్యాహ్నానికి దారి చీలింది. ఎడమకు కొండ, కుడికి రేవు.

“ఎటు అయ్యగారూ?” అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నారు. “సత్యం ఎటుంటే అటు తోలరా.”

“అదెటుందండీ?”

గురక వినబడింది. అంత బరువు నా నెత్తిన పెట్టి అంత హాయిగా నిద్రపోవడం పుణ్యాత్ములకే చెల్లు. నాకు దిక్కు తోచక పగ్గాలు వదిలేశాను. బండి లాగే మా కంచరగాడిద మెలిస్సా కుడికి తిరిగింది. కిందటేడు రేవు సత్రంలో దానికి బార్లీ దండిగా పెట్టారు. వెనక బండ్లన్నీ కుడికే తిరిగాయి. ఇసౌరియా నిర్ణయం ఏకగ్రీవమైంది.

రేవు సభలో జెనొడోటస్‌గారు ఒక మెట్టు కిందేనని కన్నీళ్ళతో మాట్లాడారు. ఈ నమ్మకం తనకు తల్లిపాలతో వచ్చిందన్నారు. ఆయన కూర్చోబోతుండగా కబురొచ్చింది. చక్రవర్తి కొండ వైపట.

ఆయన పూర్తిగా కూర్చోకుండానే మళ్ళీ లేచారు. తాము కొండకే బయలుదేరామనీ, కంచరగాడిద దారి తప్పించిందనీ, దాని నమ్మకాల మీద తనకు మొదటి నుంచీ అనుమానమేననీ వివరించారు. తక్కిన బిషప్పులు సాక్ష్యం చెప్పారు. ఇసౌరియా తరఫున ఎవరో ఒకరు ఎడారికి పోక తప్పదని చక్రవర్తి అధికారి అన్నాడు. మెలిస్సాకు ప్రవాసశిక్ష పడింది. పగ్గాలు పట్టుకోవడానికి మనిషి కావాలి గనక నేనూ వెళ్ళాను.

ఎడారి సంగతి ఎందుకు లెండి. ఇసుక. మరుసటేడు చక్రవర్తి మనసు రేవు వైపు తిరిగింది. తీరా చూసుకుంటే విశ్వాసం కోసం కష్టాలు పడింది మొత్తం ఇసౌరియాలో మెలిస్సా ఒక్కతే. దానికి ఊరి బయటే దండ వేసి, దీపాలతో ఊరేగించారు. జెనొడోటస్‌గారు దాని కాళ్ళకు మొక్కబోయి, తంతుందేమోనని ఆగారు. అమ్మియా గుమ్మంలో నిలబడి ఉంది. చంకలో పిల్ల నన్ను చూసి భయపడి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

నెల తిరగకుండానే మళ్ళీ మహాసభ, మళ్ళీ కొండా రేవూ. ఈసారి చక్రవర్తి మనసు ఎవరికీ అందలేదు. బయలుదేరే పొద్దున అమ్మియా మెలిస్సాకు గంపెడు బార్లీ పెట్టి, అది అయ్యాక ఇంకో గంప పెట్టింది. అంత తింటే బండి లాగుతుందా అన్నాను. తిననీ అంది. ఇంతలో జెనొడోటస్‌గారు వచ్చి, మెలిస్సా చెవి నిమిరి, “తల్లీ, ఇక నీ దయ,” అన్నారు. నా వంక చూడలేదు.

చీలిక దగ్గర మెలిస్సా ఆగింది. కుడికి చూసింది, ఎడమకు చూసింది, నిలబడే కునుకు తీసింది. వెనక బండ్లన్నీ ఆగాయి. కొండవాళ్ళు వచ్చి రమ్మన్నారు, రేవువాళ్ళు వచ్చి రమ్మన్నారు. చాలాసేపటికి జెనొడోటస్‌గారు బండి మీద లేచి నిలబడ్డారు.

“ఇసౌరియా మాట ఒక్కటే. ప్రాణం పోయినా ఇక్కణ్ణుంచి కదలం.”

వెనక బండ్ల నుంచి చప్పట్లు మోగాయి.

పొద్దు వాలేసరికి మెలిస్సాకు ఆకలేసి ఇంటి వైపు తిరిగింది. బండ్లన్నీ తిరిగాయి. నేను వాకిట్లో దిగేసరికి అమ్మియా తలెత్తి, వచ్చావా అని కూడా అడగలేదు. రేపటి బార్లీ నానబోస్తోంది.