తాగిన కాఫీ మీద ఫిర్యాదా!

గురువారం ఆయిద్ పెట్టుకున్న పని ఒక్కటే. గడ్డం గీసుకుని, పదింటికల్లా జర్కా పట్నంలోని కార్మిక కార్యాలయానికి వెళ్ళి, తొమ్మిది వందల దీనార్లకు ఉత్తర్వు చేతబట్టుకుని రావడం. ఫవ్వాజ్ దగ్గర ఆరేళ్ళు ఎండలో మేడలెక్కి సోలార్ హీటర్లు అమ్మాడు. మానేసిన రోజున ఫవ్వాజ్, "వెళ్ళిపోయేవాడికి కమిషనేంటయ్యా!" అని నవ్వాడు. కార్యాలయంలో గుమస్తా నవ్వలేదు. "మానకముందు అమ్మినవాటి మీద కమిషన్ నీ హక్కు. కాగితాలు పట్టుకురా. ఈలోపు ఎవరి దగ్గరా నోరు విప్పకు," అన్నాడు. ఆ ఉత్తర్వు చూపిస్తే బస్టాండు వెనకున్న చిన్న దుకాణం తాళం శనివారం చేతికిస్తానని దాని యజమాని ఒప్పుకున్నాడు. భార్య రిహాబ్ బోర్డు కూడా రాసిపెట్టేసింది.

ఆయిద్ నోరు ఊరుకుంటేగా! బుధవారం సాయంత్రమే పెదనాన్న ముత్లక్ దగ్గర గొప్పగా చెప్పేశాడు. తెల్లారేసరికి ఆయన జరీ అంచు అంగీ వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను బతికుండగా మన పిల్లాడు ఆఫీసు మెట్లెక్కి తగువాడతాడా? నలుగురు పెద్దలం వెళ్ళి అడుగుతాం. పదింటికల్లా వచ్చేస్తాంలేరా."

"కాగితాలన్నీ ఉన్నాయి పెదనాన్నా..."

"కాగితాలకు మీసాలున్నాయట్రా? పద!"

వెనకనుంచి రిహాబ్ వద్దని చెయ్యి ఊపింది. ఆయిద్ చూశాడు. చూసి కూడా కారెక్కాడు. తర్వాత ఎప్పుడు తల్చుకున్నా అతనికి ఆ చెయ్యే కనబడేది.

నలుగురన్నవాళ్ళు మలుపు తిరిగేసరికి తొమ్మిదిమందయ్యారు. పెద్దలు ముస్తాబై కార్లలో వరసగా వెళ్తుంటే పిల్లనడగడానికే అనుకుంటారు ఎవరైనా. వెనక కార్లవాళ్ళు హారన్లు మోగించారు. ఒకాయన దారిలో పళ్ళెం నిండా కునాఫా మిఠాయి కొని మరీ ఎక్కాడు. "ఇంతకీ పిల్ల ఎవరండీ?" అని అడుగుతూనే ఉన్నాడు. ఫవ్వాజ్ ఇంటి ముందు దిగినవాళ్ళు ఇరవై ఒక్కమంది.

ఫవ్వాజ్‌కు గుండె జారిపోయింది. హడావిడిగా కాఫీ పోయించాడు. ముత్లక్ గిన్నె అందుకుని, తాగకుండా కింద పెట్టాడు. మిగతావాళ్ళూ పెట్టారు. ఆచారం ప్రకారం, అడిగింది ఇస్తానంటేనే తాగుతారు. తాగాక ఇక మారుమాట ఉండదు.

ముత్లక్ తాతల నుంచి ఎత్తుకుని అరగంట మాట్లాడాడు. కానీ కాఫీ ముందు డబ్బు మాట ఎత్తడమంటే ఆయనకు తలవంపులు. "మా వాడికీ నీకూ చెడింది. అది నువ్వే సరిచెయ్యాలి ఫవ్వాజ్," అని ఆపేశాడు.

"తొమ్మిది వందలు..." అని గొణిగాడు ఆయిద్.

"పెద్దలు మాట్లాడుతుంటే నీ గోలేమిట్రా!" అని కునాఫా ఆయన కసిరాడు.

ఫవ్వాజ్ మొహంలోకి అప్పుడు నెత్తురొచ్చింది. "తాగండి హాజీ! సరిచేసినట్టే అనుకోండి!"

ఇరవై ఒక్క గిన్నెలూ ఒక్క గుక్కలో ఖాళీ. ఫవ్వాజ్ లేచి ఆయిద్‌ను కావలించుకున్నాడు. "శనివారం నుంచి వీడు మళ్ళీ నా దుకాణంలోనే! నా తమ్ముడు నాకు దొరికాడు!"

పెద్దలు శభాష్ అన్నారు.

"మరి నా కమిషన్?" అన్నాడు ఆయిద్.

"కొలువులో ఉన్నవాడికి తొందరేముంది తమ్ముడూ? ఏడాది చివర చూసుకుందాం."

"పదింటికి నా ఫిర్యాదు విచారణ..."

ముత్లక్ కళ్ళెర్రజేశాడు. "తాగిన కాఫీ మీద ఫిర్యాదా! మా పరువేం కానురా?"

అప్పటికే పదిన్నరయింది. చెప్పకూడని చోట చెప్పి, చెప్పాల్సిన చోట గొణిగానే అని ఆయిద్ లోలోపల కుమిలిపోయాడు.

ఇంటికొచ్చాక, "ఏమైంది?" అంది రిహాబ్.

"ఉద్యోగం వచ్చింది."

ఆమె తిట్టలేదు. బోర్డును గోడవైపు తిప్పి పెట్టింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

శనివారం ఎనిమిదింటికి ఆయిద్ దుకాణం తాళం తీశాడు. ఫవ్వాజ్‌ది.