తోట ఎవరిదని అడిగితే

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు: డొరిండా, ఆమె భర్త వెండెల్, తల్లి ఓపల్, పదహారేళ్ల కూతురు టాన్సీ. ఐదో మనిషి పదింటికి రావాలి. ఆలోగా వెండెల్ ఊళ్లోకి వెళ్లిపోవాలనీ, ఓపల్ వంటగది దాటి రాకూడదనీ పొద్దున్న కాఫీ దగ్గరే డొరిండా చెప్పేసింది.

వచ్చేది మహిళా వ్యాపారాల సంఘం తరఫున రోహాస్ అనే ఆవిడ. ఇప్పుడు లైసెన్సు తీసుకుని గంజాయి పెంచుకోనిచ్చే హంబోల్ట్ కొండల్లోని ఆ గంజాయి తోట కాగితాల మీదే కాక నిజంగానూ డొరిండాదేనని ఆవిడకు నమ్మకం కుదిరితే, ఇది ఆడవాళ్ల వ్యాపారమని ధ్రువపత్రం ఇస్తారు. అది ఉంటేనే సరుకుకు చోటిస్తామని నగరంలోని పెద్ద దుకాణం వాళ్లు చెప్పారు. లేకపోతే ఈ ఏటి పంటంతా డబ్బాల్లోనే ముక్కిపోతుంది. అందుకే డొరిండా కొన్నాళ్లుగా అద్దం ముందు నిలబడి "అవును, ఇది నా తోట" అని సాధన చేస్తోంది. అద్దం ముందు బాగానే వచ్చేది.

రోహాస్ గంట ముందే వచ్చేసింది. మట్టిరోడ్డు మీద, తలుపుకు ముద్ర ఉన్న తెల్ల బండి కనిపించేసరికి ఆ ఇంట్లో ఎవరికీ ధ్రువపత్రం గుర్తు రాలేదు. లైసెన్సులు లేని కాలంలో అలాంటి బండి వస్తే ఏం చేసేవారో అది మాత్రం కాళ్లకూ చేతులకూ గుర్తుంది. వెండెల్ వెనక తలుపులోంచి ఉరికి, దారిలో ఏదో తన్నుకుని, పొదల్లో పడ్డాడు. చూపించడానికని తుడిచి పెట్టిన నమూనా సీసాలన్నీ ఓపల్ ఒళ్లో వేసుకుని పోయి కోళ్లగూట్లో దాచింది. టాన్సీ ఏం చేయాలో తోచక టీవీ శబ్దం పెంచింది.

డొరిండా తలుపు తీసింది. రోహాస్ నవ్వుతూ పలకరించి, పెరట్లోని మొక్కల వైపు చూసి, మాటవరసకు అడిగింది.

"ఈ తోట మీదేనాండి?"

"కాదండి," అంది డొరిండా. "ఎవరిదో నాకు తెలీదు. మేం టమాటాలు పెంచుకుంటాం."

కొండ చుట్టూ పోలీసు హెలికాప్టర్లు తిరిగే రోజుల్లో తల్లి నేర్పిన మాట అది. అక్షరాల కంటే ముందు వచ్చింది. నోరు జారాక డొరిండాకు చెవులు కాలిపోయాయి. నాదే, అంతా నాదేనని సర్దుకోబోయేలోపే పొదలు కదిలాయి.

పొదల్లో ఉన్న వెండెల్‌కు భార్య ఎర్రబడ్డ మొహం ఒక్కటే కనిపించింది. ఎప్పుడైనా పట్టుబడితే నేరం తనమీద వేసుకుంటానని పెళ్లినాడు మామగారికి మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టుకునే అవకాశం ఇన్నేళ్లకు వచ్చింది. చేతులు రెండూ పైకెత్తి, జుట్టునిండా ముళ్లతో బయటికొచ్చాడు.

"డోరీకేం తెలీదు మేడమ్. తోట నాది. నన్ను తీసుకెళ్లండి."

దాంతో ఓపల్ కూడా వంటగది దాటింది.

"ఇతగాడి మొహం. ఏది మగ మొక్కో ఏది ఆడ మొక్కో నేను చెప్తే గానీ తెలీదు. తోట నాదమ్మాయ్. మా దగ్గర మగ మొక్క కనపడితే పీకి అవతల పారేస్తాం, మీక్కావలసింది అదేగా?"

మెట్ల మీంచి టాన్సీ తనది కూడా అని గొణిగింది.

రోహాస్ వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే డొరిండాకు కాస్త తేలిగ్గా ఉండేది.

"దరఖాస్తులో తోట మొత్తం మీదని రాశారు. ఇక్కడేమో ఇంటిల్లిపాదీ మాదంటున్నారు. కాదన్నది మీరొక్కరే. నన్నేం రాయమంటారు చెప్పండి."

డొరిండా తలొంచుకుంది. విత్తు నాటిన దగ్గర్నుంచి మొగ్గ కోసేదాకా తన చేతి మీద నడిచిన తోటను, అడిగిన మొదటి మనిషికే కాదని చెప్పింది. నేల చీలితే అందులోకి దూరిపోయేది. అలా తలొంచుకుని ఉండగానే, పెరటి కొట్టంలో రోజంతా తిరగాల్సిన ఫ్యాన్ల చప్పుడు వినబడడం లేదని గమనించింది. పంట ఆరబెట్టేది అక్కడే. బయట పొగమంచు. వెండెల్ పరుగులో తన్నుకున్నది ఫ్యాన్ల తీగ.

ఆమె తల పైకి లేచింది.

"వెండెల్, చేతులు దించి ఆ తీగ తగిలించు. అమ్మా, కొట్టం కిటికీలు మూయి. టాన్సీ, టీవీ కట్టేసి కింది వరస చూడు. ఒక్క మొగ్గకు బూజు పట్టినా అన్నీ పోతాయి." రోహాస్ వైపు తిరిగింది. "మీరు ఆ సంచి కింద పెట్టి వచ్చి, మొగ్గలు ఆరబెట్టిన జల్లెడ పట్టుకోండి. వంచకండి."

ముగ్గురూ చెప్పిన చోటికి పరిగెత్తారు. రోహాస్ కూడా లేచి కొట్టంలోకి వెళ్లి జల్లెడ పట్టుకుంది. ఎందుకు పట్టుకున్నానన్న ప్రశ్నే ఆవిడకు చాలాసేపటి దాకా తోచలేదు. తోచాక, ఇక తను వెళ్లొచ్చా అని పక్కనున్న వెండెల్‌ని మెల్లిగా అడిగింది.

"నన్నడుగుతారేంటి మేడమ్," అన్నాడు వెండెల్, గొంతు ఇంకా తగ్గించి. "ఆవిణ్ణే అడగండి."

రోహాస్ చేతులు తుడుచుకుని కలం తీసింది. ఏదో రాసుకుని కొట్టం గుమ్మం దగ్గరికి వచ్చింది.

"డొరిండా గారూ, నేను ఇంకేం అడగక్కర్లేదు. ధ్రువపత్రం మీకు వచ్చేస్తుంది. ఒక్క సంతకం చేయండి చాలు."

డొరిండా ఆవిణ్ణి అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది. తెల్ల చొక్కా మోచేతుల దాకా జిగురు. జుట్టులో ఆకులు. అధికారిగా వచ్చిన మనిషి చేత కూలిపని చేయించింది, వంచకండి అని కసిరింది కూడా. మళ్లీ చెవులు కాలాయి.

"తేమ వస్తుంది మేడమ్," అని, ఆవిడ మొహం మీదే తలుపు మూసేసింది.

తేమ వచ్చే మాట నిజమే గానీ, మూసింది అందుకు కాదు.