వేలంలో నాలుగుసార్లు మా బియ్యం

ముప్పై ఏళ్ళుగా బూర్గంపాడు నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాస్తున్నాను. నాకు తెలియకుండా మండలంలో బోరు పడదు, బర్రె ఈనదు అని చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు అలా చెప్పుకోవడం మానేశాను. కారణం మా ఇంటి బియ్యం.

ఫిబ్రవరిలో డాక్టరు నా రిపోర్టు చూశాడు. "సుకుమార్ గారూ, పరగడుపున షుగర్ రెండొందల పది ఉంది. మాత్రలు వాడుతూ తిండి సరిచేసుకోండి. నలభై రోజులు చూస్తాను. తగ్గకపోతే రోజూ ఇన్సులిన్ సూదే" అన్నాడు.

సూదంటే నాకు భయం. ఎన్నికల గొడవల్లో రాళ్ళు పడుతుంటే నిలబడి రాసుకున్నాను. టెటనస్ సూదికి మాత్రం కళ్ళు తిరిగి పడ్డాను. ఆ వార్త ఒక్కటే రాయలేదు.

నా భార్య సవరమ్మ అంగన్‌వాడీ టీచర్. ఆ సాయంత్రమే పిల్లల బరువులు రాసే చార్టు తెచ్చి వంటింటి తలుపుకు అంటించింది. పేరు: సుకుమార్. వయసు: యాభై మూడు. చార్టులో గళ్ళు ఐదేళ్ళ దగ్గర అయిపోయాయి. గీతను గోడ మీదికి పొడిగించింది.

"మధ్యాహ్నం జొన్న గటక, రాత్రి జొన్న రొట్టె. తోటకూర, పెసర్లు, గుడ్డు. గంతే" అంది.

"అన్నం ఏదే?"

"నలభై దినాలు బంద్. ఎట్లాగూ ఈస్టరు ముందటి శ్రమదినాలు మొదలైనయ్. దేవునికి ఇచ్చిన అనుకో."

అనుకోవడం కాదు, నిజంగానే ఇచ్చింది. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుని పేరున గుప్పెడు బియ్యం డబ్బాలో వేస్తారు. ఆదివారం అందరి డబ్బాలూ ఒకే గోతాంలో పోసి, ప్రార్థన అయ్యాక వేలం వేస్తారు. సవరమ్మ తన గుప్పెడు వేసి, తర్వాత నా వాటా గ్లాసు నిండా పోసింది.

"గుప్పెడే గదా వెయ్యాల్సింది?"

"నీ గుప్పెడు పెద్దదయ్యా."

ఊళ్ళో మెస్సులు మూడు. నాకు అన్నం పెట్టొద్దని మూడింటికీ సవరమ్మ కబురు వెళ్ళింది. మూడో మెస్సు హాతీరాం నా ముందు చపాతీ పెట్టి, ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. "అక్కకు పంపాలె సార్" అన్నాడు.

పదో రోజున తీర్మానించుకున్నాను. నా బియ్యం నాకే రావాలి.

ఆదివారం పాస్టరు గారు "ఒకటోసారి" అనగానే చెయ్యెత్తాను. బీదవాళ్ళకు ఇస్తానని, ముఖ్యంగా మిర్చి కల్లంలో ఉంటున్న పిచ్చయ్య కుటుంబానికి ఇస్తానని అందరి ముందూ చెప్పాను. సంఘమంతా ఆమేన్ అంది. సవరమ్మ కూడా అంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. గోతాం మూతి కడుతుంటే నా చొక్కా మణికట్టు బొత్తాం తెగి బియ్యంలో పడింది. వెతకలేదు.

పిచ్చయ్య నా చిన్ననాటి స్నేహితుడు. మిర్చి ఖమ్మం యార్డుకు పోయేదాకా అతనూ భార్య దుర్గా కల్లంలోనే ఉంటారు. గోతాం వాళ్ళకు, మధ్యాహ్నం కంచం నాకు. అదీ ఒప్పందం. సవరమ్మకు చెప్పనని పిచ్చయ్య చేత ఒట్టు వేయించుకున్నాను. దుర్గ చేత వేయించుకోవడం తట్టలేదు.

కల్లం మా ఇంటికి రెండున్నర కిలోమీటర్లు. నా బండి మీద 'ప్రెస్' అని ఉంటుంది, చప్పుడు కూడా ఊరంతా గుర్తుపడుతుంది. అందుకని తలకు తువ్వాలు చుట్టుకుని నడిచాను.

దుర్గ ముందు చెంబుడు మజ్జిగ ఇచ్చింది. తర్వాత దోసకాయ ముక్కలు. తర్వాత కంచంలో చింతచిగురు పప్పు, తోటకూర వేపుడు. వాటి మధ్య ఒక గ్లాసు బియ్యపు అన్నం.

"ఇంతేనా అమ్మా?"

"కల్లంల గింతే అన్నా. మిర్చి ఘాటుకు కూర ఎక్కువ తినాలె, అన్నం తక్కువ. మా ముసలోళ్ళ కాలం నుంచి గిట్లనే."

నాకది కొత్త విషయం. నోటుబుక్కు తీసి రాసుకున్నాను. మూడు రోజుల తర్వాత జిల్లా పేజీలో వచ్చింది: 'మిర్చి కల్లాల్లో కూరకే పెద్దపీట'. పక్కన నా పేరు. సవరమ్మ కత్తిరించి అంగన్‌వాడీ గోడకు అంటించింది. "మంచిగ రాసినవ్" అంది. ముప్పై ఏళ్ళలో ఆమె మెచ్చిన మొదటి వార్త అది.

నాలుగు ఆదివారాలు వేలంపాట పాడాను. మూడో వారం నుంచి సంఘపెద్ద ఆదాము పోటీకి వచ్చి ధర పెంచాడు. నేను తగ్గలేదు. వారానికి ఆరు రోజులు కల్లానికి నడిచాను. రాత్రి ఇంట్లో దిగులు ముఖం పెట్టి జొన్న రొట్టె తిన్నాను.

ఈస్టరు మర్నాడు పరీక్ష చేయించుకున్నాం. నూట ఇరవై ఎనిమిది. "సూది అక్కర్లేదు" అన్నాడు డాక్టరు. సవరమ్మ కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పింది. ఇంటికి వచ్చేదాకా నేను ఆగాను. అక్కడ ఆగలేకపోయాను.

"ఏమే, ఒక మాట రాసుకో. నాలుగు వారాలు నేను పగలు అన్నమే తిన్న. అన్నంల తప్పు లేదు."

"ఏ బియ్యం?"

"చర్చి బియ్యం. నాలుగు గోతాలు కొన్న."

సవరమ్మ కుట్టుపెట్టె తెచ్చి మూత తీసింది. అందులోంచి బొత్తాం తీసి బల్ల మీద పెట్టింది. నాదే.

"నాలుగు కాదు, ఒక్కటే. దుర్గ ఆరు గ్లాసులు తీసుకుని, శనివారం గోతాం నాకు అప్పజెప్పేది. నేను చర్చిల ఆ వారం బియ్యంల కలిపి పోసేదాన్ని. నువ్వు ఆదివారం మళ్ళీ కొన్నవ్. రెండో వారం దుర్గకు బొత్తాం దొరికిందట. చూస్తవేమోనని మళ్ళీ అండ్లనే వేసిన. నువ్వు చూడలే, ఆఖరికి నేనే తీసిన."

"దుర్గ నీకెందుకు చెప్పింది?"

"ఆమె మనవడు నా సెంటర్‌ల లేడా? తొలిరోజే వచ్చి చెప్పింది. బియ్యం కొలిచే గ్లాసు నేను పంపిందే. కూరలు పొద్దున నేను వండిచ్చినవే."

"మరి ముసలోళ్ళ కాలం నుంచి..."

"అది నేను చెప్పిచ్చిన. పేపర్ల ఎయ్యమని చెప్పలే."

నేను గోడ మీది గీత వైపు చూశాను. నాలుగు కిలోలు దిగింది.

"నడక మానకు. రేపటి నుంచి కల్లం దాకా పోయి ఇంటికొచ్చి తిను. గ్లాసు అన్నం పెడత" అంటూ సూదిలో దారం ఎక్కించింది. నా చెయ్యి చొక్కాలో ఉండగానే బొత్తాం కుట్టింది. నేను కదల్లేదు. కళ్ళు మూసుకున్నాను.

తర్వాతి ఆదివారం పాస్టరు గారు గోతాం ముందు నిలబడ్డారు. సంఘమంతా నా వైపు తిరిగింది. నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. పక్కన సవరమ్మ మోచేత్తో పొడిచింది.

"దుర్గోళ్ళకు ఇస్తనని అందరి ముందల అన్నవ్ గద. గీసారి నిజంగ ఇయ్యి."

చెయ్యెత్తాను. పాస్టరు గారు మూడోసారి అనేదాకా ఆదాము నోరు తెరవలేదు. సవరమ్మ ఈసారి అతనికి ధర పెంచమని సైగ చెయ్యలేదు.