పద్నాలుగో క్లిప్పు

బుధవారం పొద్దున మోషే వేసుకున్న ప్లాను చాలా చిన్నది. నాచారం చర్చి హాలు దాకా నడవాలి, తన పాత రైల్వే ఐడీ కార్డు అక్కడ ఇవ్వాలి, వచ్చేటప్పుడు పావుకిలో పచ్చిమిర్చి తేవాలి, పదకొండింటికల్లా ఇంట్లో ఉండాలి. మౌలాలి యార్డులో ముప్పై ఆరేళ్లు రైలు డబ్బాలు విడదీసి, కలిపి, వరసలో పెట్టి రిటైరైన మనిషికి ఇదొక పని కాదు.

"ఆ ఫోటో ముచ్చట ఇడ్సిపెట్టరాదూ," అంది లూర్దమ్మ గడపలో నిలబడి. "నీళ్లల్ల పోయింది, పోయింది. గీ వయసుల మనకెందుకు ఫోటోలు."

"నువ్వు ఊకో. నీ మనసుల ఏమున్నదో నాకు ఎర్క లేదా?"

లూర్దమ్మ ఆయన వైపు ఒకసారి అదోలా చూసింది. "ఏమున్నది?"

"బాధ."

"ఆ, బాధనే," అని ఆమె గబగబా లోపలికి పోయింది.

బాధ నిజానికి మోషేది. మొన్న వానలకు చెరువు పొంగి కాలనీలోకి నడుము లోతు నీళ్లు వచ్చినప్పుడు మంచం కింద పెళ్లినాటి ట్రంకుపెట్టె ఉంది, మంచం మీద ఆయన రేడియో ఉంది. చేతులు రెండే. మోషే రేడియోను ఎత్తి అల్మారా మీద పెట్టాడు. ట్రంకుపెట్టె చేతికి అందలేదని, నీళ్లు ఒక్కసారిగా వచ్చాయని లూర్దమ్మకు చెప్పాడు. పెట్టెలోని ఆల్బం నాని, ఎండి, ఇటుకలా తయారైంది. అందులో వాళ్ల పెళ్లి ఫోటో ఒకే ఒక్కటి. ఆదివారానికి పెళ్లై యాభై ఏళ్లు. చర్చిలో కేకు పక్కన ఆ ఫోటో ఉండి తీరాలని అల్లుడు శాంసన్ అందరికీ చెప్పేశాడు. ఫోటో లేకపోతే ఎందుకు లేదని అడుగుతారు, అడిగితే రేడియో బయటికి వస్తుంది. మోషేకు వారం రోజులుగా అన్నం సయించడం లేదు.

ఇటువంటి ఫోటోలను బాగు చేయడానికి కొందరు పిల్లలు చర్చి హాలులో దుకాణం పెట్టారు. పైసా తీసుకోరు. వాళ్ల పెద్ద నీరజ, హబ్సిగూడ అమ్మాయి, కంప్యూటర్ ఉద్యోగం. ఫోటోలను తొట్లలో నానబెట్టి మెల్లగా విడదీస్తారు, ఆరేస్తారు, స్కాన్ చేస్తారు. వేరే ఊళ్లలో ఉన్న వాళ్ల స్నేహితులు ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో మరకలు తుడిచి, పోయిన ముక్కలు పూరించి పంపుతారు. మోషే ఆల్బం ముందే ఇచ్చి వచ్చాడు, పోలికకు పాత ఫోటో ఉన్న కార్డేదైనా తెమ్మన్నారు.

"అమ్మమ్మగారు చక్కగా ఉన్నారు తాతగారూ," అంది నీరజ, ఆల్బంలోంచి విడదీసిన ఫోటో చూపిస్తూ. "మీ మొహం ఒక్కటే పూర్తిగా పోయింది."

మోషే చూశాడు. పూలదండ ఉంది, కోటు ఉంది, కాలరు కూడా ఉంది. కాలరు పైన తెల్లగా ఉంది.

"వాన నా మీదనే పగవట్టినట్టున్నది," అన్నాడు.

"ఏం పర్లేదు. మీ కార్డు ఫోటో చూసి మొహం పెట్టేస్తారు."

హాలులో ఈ గోడ నుంచి ఆ గోడకు రెండు తాళ్లు కట్టి ఉన్నాయి. ముందు తాడు మీద మొహాలు పోయిన ఫోటోలు. వెనక తాడు మీద అదే మనుషుల వేరే ఫోటోలు, మొహం చూసి పెట్టడానికి. తడి ఫోటో మీద రాయకూడదు కాబట్టి నంబర్లన్నీ బట్టల క్లిప్పుల మీద వేశారు. మోషే పెళ్లి ఫోటో ముందు తాడు పద్నాలుగో క్లిప్పుకు ఉంది. నీరజ ఆయన కార్డు మీది ఫోటోను ఊడదీసి, కడిగి వెనక తాడు పద్నాలుగో క్లిప్పుకు తగిలించింది. ఆరేదాకా కూర్చోమని చెప్పి, పిల్లలందర్నీ తీసుకుని టీకి వెళ్లింది.

మోషే కూర్చున్నాడు. కూర్చుని వెనక తాడు వైపు చూశాడు. చూడకపోతే బాగుండేది.

ఒక పెద్ద ఫోటో, పక్కన రెండు చిన్నవి, మళ్లీ పెద్దది, దాని పక్కన గోరంత పాస్‌పోర్టు ఫోటో. తాడు అక్కడక్కడ కిందికి వేలాడుతోంది. ఏ యార్డులోనైనా బరువు డబ్బాలు ఇంజను పక్కకు, తేలిక డబ్బాలు వెనక్కు ఉండాలి. ఇట్లా కలగాపులగంగా ఉన్న బండిని ముప్పై ఆరేళ్లలో ఆయన ఒక్కసారి కూడా గేటు దాటనివ్వలేదు. పాపం చిన్న పిల్లలు, వాళ్లకేం తెలుసు అనుకుని లేచాడు. పావుగంటలో పద్దెనిమిది ఫోటోలనూ ఊడదీసి, పెద్దవి ముందు చిన్నవి వెనక వచ్చేలా మళ్లీ తగిలించాడు. క్లిప్పుల జోలికి మాత్రం పోలేదు. అవి వాళ్ల సామాను.

రైల్వేలో నంబరు డబ్బా మీద ఉంటుంది. డబ్బా ఎటు పోతే నంబరు అటు పోతుంది. నంబరు ఉన్నచోటే ఉండిపోయి డబ్బా ఒక్కటే వెళ్లిపోయే పద్ధతి ఒకటి ఉంటుందని ఆయనకు తోచలేదు.

"అబ్బ, ఎంత నీట్‌గా ఉంది," అంది నీరజ తిరిగి వచ్చి. "ఎవరు సర్దారో గానీ."

మోషే పొగడ్తలకు ఆశపడే మనిషి కాదు. ఏమీ అనకుండా ఇంటికి వచ్చేశాడు. పచ్చిమిర్చి మరచిపోయాడు.

శుక్రవారం సాయంత్రం బాగైన ఫోటోలు అందరి ఫోన్లకూ వచ్చాయి. మోషే దగ్గర ఉన్నది బటన్ల ఫోను కాబట్టి ఆయన ఫోటో శాంసన్‌కు వచ్చింది. శాంసన్ ఉప్పల్‌లో ఫ్లెక్సీలు కొట్టే షాపులో పని చేస్తాడు. మోషే కూతురు నిస్సీని చేసుకుని ఆరేళ్లయింది. మామ పడుచుతనంలో ఎలా ఉండేవాడో అతను ఎప్పుడూ చూడలేదు. చూసి ముచ్చటపడి అప్పటికప్పుడు పదడుగుల ఫ్లెక్సీ కొట్టించాడు. శనివారం పొద్దున ఏడింటికి గల్లీ మొదట్లో రెండు కరెంటు స్తంభాలకు కట్టి, ఫోన్ చేశాడు.

"మామా, మీసాలు మస్తుండె నీకు."

మీసాలు ఎప్పుడున్నాయా అని మోషే కాసేపు ఆలోచించాడు. కంప్యూటర్ పెట్టి ఉంటుందిలే అనుకున్నాడు.

ఎనిమిదింటికి గేటు చప్పుడైంది. పక్కింటి తారామణి. ఆమె భర్త భూషణం ఉప్పల్ డిపోలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. వాళ్ల పైకప్పు వాన నీళ్లు మోషే వాకిట్లో పడతాయన్న తగాదాతో రెండిళ్లకూ పదకొండేళ్లుగా మాటల్లేవు. చెరువు పొంగినప్పుడు నీళ్లు ఇద్దరి ఇళ్లలోకీ సమానంగా వచ్చినా మాటలు మాత్రం రాలేదు.

"వదినె, ఒక్కటి అడుగుత, ఏమనుకోవద్దు," అంది తారామణి. "మా ఆయనతోని నీ లగ్గం ఎప్పుడైంది?"

లూర్దమ్మ చేతిలోని చీపురు ఆగింది. "పొద్దుగాల్నే ఏమన్న తాగినవా?"

"నేను తాగలే. గల్లీల పది ఫీట్ల బొమ్మ ఉన్నది, వచ్చి సూడు."

ముగ్గురూ వెళ్లి చూశారు. ఫ్లెక్సీ మీద యాభై వసంతాలని రాసి ఉంది. మోషే, లూర్దమ్మ అని పేర్లున్నాయి. లూర్దమ్మ పక్కన మోషే కోటు వేసుకుని, మెలి తిప్పిన మీసాలతో, నుదుటి మీద ఉంగరాల జుట్టుతో, ఇరవై ఐదేళ్ల భూషణం నవ్వుతున్నాడు. ఆటోవాళ్లు ఆగి మరీ జంట బాగుందంటున్నారు.

"శాంసన్," అన్నాడు మోషే నీరసంగా.

స్తంభం కింద నిలబడ్డ శాంసన్ తలెత్తి ఫ్లెక్సీని, తల దించి మామని చూశాడు. "నువ్వు కాదా మామా?"

"నేనైతే గట్ల నవ్వుతనా?"

అంతలో భూషణం వచ్చాడు, ఫోన్ పైకెత్తి పట్టుకుని. మోషే క్షమాపణ చెప్పబోయాడు.

"లగ్గం సంగతి తర్వాత," అన్నాడు భూషణం. "ముందు ఇదేందో జెప్పు."

అది భూషణం ఉత్తమ కండక్టర్‌గా అవార్డు అందుకుంటున్న ఫోటో. ఖాకీ చొక్కా ఉంది, శాలువా ఉంది, మెడలో టికెట్ల సంచి ఉంది. శాలువా పైన మోషే మొహం ఉంది.

"ఇరవై ఎనిమిదేండ్లు నిలబడి టికెట్లు గొట్టిన," అన్నాడు భూషణం. "ఒక్కటే ఒక్క అవార్డు. అది వోయి రైల్వేవోనికి వచ్చె."

"నా పెండ్లాన్ని నీ పక్కకు పెట్టిన్రు, నేనేమన్న అన్ననా?"

"అంటే అను. అవార్డు నాదా కాదా?"

అప్పటికి గల్లీలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. కిరాణా కొట్టు ఉప్పలయ్య వచ్చి, తన తల్లికి గడ్డం ఎందుకు వచ్చిందని అడిగాడు. ఎదురింటి మానస, తన ఉయ్యాల ఫోటోలో కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి పడుకుని ఉన్నాడని, ఆయన ఎవరో తెలిస్తే చెప్పమని అడిగింది. అది తన తాత అని ఉప్పలయ్య గుర్తుపట్టాడు. అందరూ కలిసి చర్చి హాలుకు బయలుదేరారు. పెళ్లి ఊరేగింపు అనుకుని ఇద్దరు ముగ్గురు దారిలో కలిశారు.

నీరజ అన్ని ఫోన్లూ చూసి, రిజిస్టరు చూసి, వెనక తాడు చూసింది. తాడు చాలా నీట్‌గా ఉంది.

"ఈ తాడు ఎవరైనా ముట్టుకున్నారా?"

మోషే ముందుకు వచ్చాడు.

"ముట్టుకోలే బిడ్డా. సర్దిన." బరువు డబ్బాల సంగతి, తేలిక డబ్బాల సంగతి వివరంగా చెప్పాడు.

"గందుకే ఒక్క రైలన్న టైముకు రాదు," అన్నాడు భూషణం.

ఎవరో నవ్వారు. మోషే నవ్వలేకపోయాడు. వారం రోజులుగా గొంతులో ఉన్నది అక్కడే, అందరి ముందూ బయటికి వచ్చింది. "నేను జేసింది ఇదొక్కటే కాదు. ట్రంకుపెట్టె చేతికి అందకపోవుడు కాదు, లూర్దూ. అందింది. నేను రేడియో తీసిన. మన ఫోటోను నేనే ఖరాబు జేసిన."

హాలంతా లూర్దమ్మ వైపు తిరిగింది. ఆమె కొంగు సర్దుకుంది.

"యాభై ఏండ్ల సంసారం కంటె నీకు రేడియో ఎక్కువైందా," అంది. "పోనీ. తప్పు అందరు జేస్తరు. దేవుడు క్షమించమన్నడు, క్షమించిన."

తారామణి కళ్లు ఒత్తుకుంది. ఉప్పలయ్య చేతులు జోడించాడు. మోషే గుండె బరువు దిగి, వారంలో మొదటిసారి ఆకలేసింది.

"సరే, అసలు ఫోటో మళ్లీ చూద్దాం," అని నీరజ పెళ్లి ఫోటోను గోడ మీది పెద్ద తెర మీద వేసింది. మొహం ఉండాల్సిన చోటు పెద్దది చేస్తూ పోయింది.

"మస్తు పెద్దగ జెయ్యకు బిడ్డా," అంది లూర్దమ్మ. "కండ్లకు మంచిగ గాదు."

"ఆగండి అమ్మమ్మగారూ." నీరజ తెర దగ్గరికి వెళ్లి చూసింది. "ఇది నీళ్లకు పోయింది కాదు. నీళ్లకైతే రంగు కారుతుంది. ఇవి గీతలు. సన్నటి పిన్నుతో ఎవరో గీకారు. అడ్డంగా, నిలువుగా, చాలా ఓపిగ్గా."

లూర్దమ్మ తలెత్తి హాలులోని ఫ్యానును చూస్తోంది.

"లూర్దూ," అన్నాడు మోషే.

"కాజీపేట," అంది లూర్దమ్మ.

మోషే తల దించుకున్నాడు. మిగతావాళ్లకు తెలియదు కాబట్టి ఆమె చెప్పింది. "లగ్గమైన ఏడాదే. మా అమ్మగారింటికి పోతున్నం. కాజీపేటల చాయ్ తెస్తనని దిగిండు. ఆడ ఎవలో ఇంజను విప్పుతుంటె, గట్ల కాదు గిట్ల అని చెప్పవొయ్యిండు. బండి కదిలింది. టికెట్లు ఆయన జేబుల. వరంగల్‌ల టీసీ నన్ను అందరి ముందర నిలవెట్టిండు. ఇంటికొచ్చినంక జడపిన్ను తీసిన."

"మరి గిన్నేండ్లు నాకెందుకు జెప్పలే?"

"నువ్వు ఒక్కనాడన్న ఆల్బం తెరిస్తివా? తెరిస్తె అడుగుతవేమోనని ఎదురుసూసిన. వాన వచ్చె, ఇగ వాన మీదికి పోయిందనుకున్న."

తాను క్షమాపణ అడిగింది తాను చేయని తప్పుకని మోషేకు అర్థమవుతోంది. కాని కాజీపేట కూడా తనదే కాబట్టి ఎటు లెక్కేసినా తేలడం లేదు.

"గింతకు," అన్నాడు భూషణం, "నా అవార్డు సంగతేంది?"

నీరజ తెర దగ్గర్నుంచి ఇటు తిరిగింది. "అవన్నీ సాయంత్రానికి సరిచేసి ఇస్తాం. అమ్మమ్మగారూ, మీ ఫోటోలో మాత్రం మొహం పెట్టమంటారా, వద్దా?"

లూర్దమ్మ తెర మీది తెల్లటి గుండ్రాన్ని చాలాసేపు చూసింది. తర్వాత మోషేను చూసింది. ఆయన చొక్కా గుండీలు ఒకటి కిందికి పెట్టుకుని ఉన్నాడు. ఆమె దగ్గరికి వెళ్లి వాటిని విప్పి సరిగా పెట్టింది.

"పెట్టు బిడ్డా," అంది. "గని ఆ మీసాలాయన ఉన్నది గూడ ఒకటి ఉండనియ్యి. ఈయన మళ్ల యాడన్న దిగిపోతె అక్కరకొస్తది."

తారామణి ఒక్కతే ఆ మాటకు నవ్వలేదు.

ఆదివారం కేకు పక్కన ఫోటో నిలబడింది. అందులో లూర్దమ్మ పక్కన, కాలరు పైన మోషే మొహం, ఐడీ కార్డులో ఎంత భయంగా ఉందో అంత భయంగా. గల్లీలోని ఫ్లెక్సీ మీద శాంసన్ మామ మొహాన్ని అంటించాడు కాని కొలత తగ్గి భూషణం మీసాల కొనలు రెండు వైపులా బయటికి వచ్చాయి. భూషణం, తారామణి కూడా చర్చికి వచ్చారు. భూషణం తన అవార్డు ఫోటోను చంకలో పెట్టుకుని వచ్చి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చూపించాడు. పైకప్పు నీళ్లకు గొట్టం పెట్టిస్తానని మోషేకు మాటిచ్చాడు.

ఇప్పుడా పెళ్లి ఫోటో ముందు గదిలో ఉంది, గోడకు రెండు మేకులతో బిగించిన చట్రంలో, బస్సు అద్దమంత మందం అద్దం వెనక. అంత మందం ఎందుకని అడిగినవాళ్లకు, మళ్లీ వాన వస్తే ఎట్లా అని చెప్తున్నాడు మోషే.