పంకజవల్లి ఎత్తు

‘అడ్జస్ట్’ అనే మాటకు సరేనన్న ప్రతిసారీ పంకజవల్లి నువ్వుగింజంత పొట్టి అవుతుంది. ఇందులో వింతేమీ లేదు. ఆ మునిసిపల్ ఆఫీసులో ఆడవాళ్లందరినీ నెలాఖరున అటెండరు దానయ్య టేపు పెట్టి కొలిచి రిజిస్టరులో రాస్తాడు. మగవాళ్లకూ ఒక రిజిస్టరుంది. పాపం, దాని అట్ట ఇంకా నిగనిగలాడుతూనే ఉంది.

మాట ఒకటే గానీ దాని పనులు బోలెడు. బస్సులో ముగ్గురి సీటులో నాలుగో మనిషిని కూర్చోబెట్టేది అదే. ఉప్పు మరిచిన కూరను తినిపించేదీ, రెండు రోజులకని వచ్చిన ఆడపడుచుకు మూడు నెలలు మంచం అప్పగించేదీ అదే. టైలరు బిగుతుగా కుట్టిన జాకెట్టుకు అదే, ఆదివారం డ్యూటీకీ అదే. ఐదడుగుల మనిషిగా ఉద్యోగంలో చేరిన పంకజవల్లి ఇప్పుడు సరిగ్గా మూడడుగులు. బస్సులో అరటిక్కెట్టు కొడుతున్నారని ఆమెకు సంతోషమే.

పదకొండేళ్లుగా ఆమె కూర్చునేది ఫ్యాను గాలి తగలని బీరువాల మూల. కోరిక ఒక్కటే, కిటికీ పక్క కుర్చీ. మొన్న కామేశంగారు రిటైరవడంతో అది ఖాళీ అయింది, సీనియారిటీ ప్రకారం ఆమెకే వచ్చింది. కాకపోతే కుర్చీలో కూర్చునే మనిషి మూడడుగులకు తగ్గకూడదని రూలు. సోమవారం గంట ముందే వచ్చి, బస్సు అలవాటుకొద్దీ కుర్చీలో కర్చీఫ్ వేసింది. ఈ ఒక్కరోజు బ్రహ్మదేవుడు దిగొచ్చి అడిగినా సరేననకూడదనుకుంది.

సూపరింటెండెంటు భద్రాచారిగారు కొత్తగా చేరిన మధులతను వెంటబెట్టుకొచ్చారు.

“పంకజవల్లిగారూ, ఈ అమ్మాయికి గాలాడకపోతే కళ్లు తిరుగుతాయటండీ. కాస్త అడ్జస్టవుదురూ.”

“కుదరదండీ.”

ఆఫీసంతా తలలెత్తి చూసింది. దానయ్య రిజిస్టరు తిరగేశాడు. ఆ మాట రాయడానికి అందులో గడి లేదు.

భద్రాచారిగారికి కోపం రాలేదు. “మీరే అలా అంటే ఎలాగమ్మా? మీలాంటి మంచిమనిషి ఈ ఆఫీసులో ఇంకెవరున్నారు?” అన్నారు.

దానికి మాత్రం ఆమె కాదనలేకపోయింది. “సర్లెండి, చిన్నపిల్ల” అని కర్చీఫ్ తీసేసింది. దానయ్య కొలిచాడు. మూడడుగులకు నువ్వుగింజంత తక్కువ. కుర్చీ ఇక ఎప్పటికీ రాదు.

అయినా ఆఫీసులో అందరూ మంచివాళ్లే. ఆమెను ఎత్తి కిటికీ గట్టుమీద కూర్చోబెట్టి ఒళ్లో ఫైలు పెట్టారు. కుర్చీలో కంటే అక్కడే గాలి బాగా తగులుతోంది. ఇన్నేళ్లకు ప్రాణం హాయిగా ఉందనుకుంది పంకజవల్లి.

మధ్యాహ్నం జల్లు మొదలైంది.

“ఆంటీ, నా కాగితాలు తడుస్తున్నాయి. అద్దం మూసేస్తాను, కొంచెం...” అంది మధులత.

మాట పూర్తయ్యేలోపే పంకజవల్లి బయటివైపుకు జరిగి, తలమీద కొంగు కప్పుకుంది. మధులత అద్దం లాగి లోపల గడియ పెట్టింది. చినుకులు చల్లగా, బాగానే ఉన్నాయి.