దయచేసి సొంత తల్లిని జతపరచండి

సొంత బాల్యం అంత దండగమారి వ్యవహారం మరొకటి లేదని నేను ఏ వేదిక మీదైనా చెప్పగలను. గడపడానికి పద్నాలుగేళ్లు పడుతుంది. ఇంటిల్లిపాదికీ శ్రమ. తీరా గడిపాక చూసుకుంటే అందులో ఏముంటుంది? మోకాలి మీద రెండు మచ్చలు, లెక్కల మాస్టారంటే భయం, అంతే! ఈ సరుకు పట్టుకుని విదేశాలకు వెళ్లి ఎకనామిక్స్, ఫైనాన్స్ చదువుతామంటే అక్కడి విశ్వవిద్యాలయాలు గుమ్మం ఎక్కనిస్తాయా?

ఎక్కనివ్వవు. వాళ్లకు మార్కులొక్కటే చాలవు. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అని ఒక కాగితం కావాలి. ఈ చదువే ఎందుకు కావలసి వచ్చిందో రెండు పేజీల్లో విన్నవించుకోవాలి. 'మంచి ఉద్యోగం వస్తుందనండీ' అని రాశారో, మీ పని అయిపోయినట్టే. అది అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ పైకి అనకూడని సంగతి. చిన్నప్పుడు మీకు ఏదో జరిగి ఉండాలి. అది జరిగినప్పుడు మీ కళ్లు చెమర్చి ఉండాలి. ఆ చెమర్చిన కళ్లతోనే మీరు వడ్డీ రేట్ల వైపు చూసి ఉండాలి.

మరి ఏమీ జరగని వాళ్ల గతేమిటి? అందుకే, ఆర్డరు మీద తయారయ్యే బాల్యం మానవజాతికి దక్కిన గొప్ప వరాల్లో ఒకటని నా నిశ్చితాభిప్రాయం. కాదంటారా? అయితే మా పక్కింటి పర్పస్ మాస్టారి సంగతి వినండి.

మాస్టారు ఒకప్పుడు ఆఫీసుల ముందు చెట్టుకింద కుర్చీ వేసుకుని అర్జీలు రాసేవారు. పింఛను రాలేదనీ, కుళాయిలో నీళ్లు రావడం లేదనీ ఎవరు వచ్చి ఎంత పొడి పొడిగా చెప్పినా, చదివిన అధికారికి కళ్లు చెమర్చేలా రాసే చెయ్యి ఆయనది. విదేశీ చదువుల జోరు మొదలయ్యాక ఆ చెయ్యే ఆయన్ను పైకి తెచ్చింది. జెరాక్స్ షాపు మీది గది అద్దెకు తీసుకుని, ఒక మూల కంప్యూటరు పెట్టుకున్నారు. ఇంకో మూల ఆయన భార్య కుట్టు మిషను. ఆవిడ దర్జీ. మధ్యలో చాప మీద వాళ్ల అమ్మాయి హోంవర్కు. ఆ గదిలో ఒక పక్క బట్టలు, ఒక పక్క బాల్యాలు కొలతలు తీసి కుట్టేవారు.

మొదట్లో తాతగారి దుకాణం బాగా ఆడింది. అంటే, దరఖాస్తు పెట్టే కుర్రవాడి తాతగారికి ఒక దుకాణం ఉంటుంది. ధరలు ఆకాశాన్నంటి అది మూతపడుతుంది. ఖాళీ అరల ముందు తాతగారి మౌనం చూసి ఆరేళ్ల మనవడు ఫైనాన్స్ చదవాలని ఆ క్షణమే నిర్ణయించుకుంటాడు. 

ఇలాంటి ఒక తాతగారు మా వీధి చివర ఉన్నారు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి, రిటైరై, రోజూ పొద్దున్నే చేతులూపుకుంటూ నడిచే మనిషి. జన్మలో తూకం రాయి ముట్టలేదు. మనవడికి సీటొచ్చిన సంబరంలో ఇంట్లోవాళ్లు మాస్టారు రాసిచ్చిన కాగితం పైకి చదివి, అర్థం చెప్పారు. ముసలాయన భోరుమన్నారు. తనకింత అన్యాయం జరిగిందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పనే లేదట! మర్నాటి నుంచి అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లను ఆపి, 'నా షాపు నడిచే రోజుల్లో' అని మొదలుపెట్టారు. ఆర్నెల్లకు, ఆ దుకాణంలో తన వాటా తేల్చమని సొంత తమ్ముడే తగాదాకు వచ్చాడు. ఇప్పుడు అన్నదమ్ములకు మాటల్లేవు. చూశారా, ఉత్త బస్సు డ్రైవరుగా వెళ్లిపోవలసిన మనిషికి చరిత్ర, పతనం, దాయాది పోరు అన్నీ సమకూరాయి. ఏ ప్రభుత్వ పథకం ఇస్తుందండీ ఇన్ని?

అయితే ఎకనామిక్స్ ఊరుకుంటుందా? సరుకు ఎక్కువైతే విలువ పడిపోతుంది. మొదట్లో తాతగారు ఒకసారి దివాలా తీస్తే సరిపోయేది. తరవాత రెండుసార్లు తీయవలసి వచ్చింది. ఆ పైన నాయనమ్మను కూడా కలపవలసి వచ్చింది. ఒక సీజనులో కష్టాల ధర ఎంత పెరిగిందంటే, ఒక తాతగారి దుకాణం మూతపడి, వరదలో కొట్టుకుపోయి, మిగిలింది తగలబడినా కూడా వెయిటింగ్ లిస్టులోనే ఉంచారు.

అలాంటి గడ్డు రోజున ఒక కుర్రవాడు వచ్చాడు. సాయంత్రం ఐదుకు గడువు. ఎకనామిక్సే ఎందుకు బాబూ అని మాస్టారు అడిగితే, ఫ్రెండ్సందరూ అదే తీసుకుంటున్నారని చెప్పాడు. చిన్నప్పుడు ఏదైనా జరిగిందా అంటే చాలాసేపు ఆలోచించి, ఒకసారి ఏసీ పాడైందన్నాడు. మాస్టారు తల పట్టుకున్నారు. నాలుగైంది. అటు చూస్తే మూలన భార్య కుడుతోంది. ఇటు చూస్తే కూతురు బొత్తాలు లెక్కపెడుతోంది. అంతే, ఆయన చేతికి దొరికింది రాసేశారు.

దొరికింది నిజం. అదీ దాని గొప్పతనం! ఆవిడ బడి యూనిఫాంలు కుడుతుంది. బడి తెరిచే వారంలో జనం మెట్ల మీద దాకా నిలబడతారు, మిగతా ఏడాదంతా మిషను ఊరికే ఉంటుంది. ఏడేళ్లప్పుడు అమ్మాయి ఒక సలహా చెప్పింది. రెండు నెలలు ముందే బట్ట తెచ్చిచ్చినవాళ్లకు సగం రేటుకు కుడితే సరిపోతుంది కదా అని. ఈలోగా పిల్లలు ఎదిగిపోతే ఎలాగే అంది తల్లి. ఇద్దరూ రెండు రోజులు ఆలోచించారు. మూడో రోజు తల్లి ప్రతి నిక్కరుకూ, ప్రతి గౌనుకూ అంచులో అంగుళం మడిచి లోపల దాచి కుట్టింది. పిల్లాడు ఎదిగితే మడత విప్పుకోవచ్చు. మరుసటి ఏడాది నుంచి మెట్ల మీద జనం లేరు. రేపు ఎలా ఉంటుందో తెలియనప్పుడు ఇవాళ ఏం చెయ్యాలో ఆ పిల్లకు అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టి, ఎవరూ అడక్కపోయినా, బొత్తాల ధర, దారపుండ ధర రాసుకోవడం మొదలుపెట్టింది.

ఏసీ పాడైన కుర్రవాడికి సీటూ వచ్చింది, స్కాలర్‌షిప్పూ వచ్చింది. ఆ తరవాత 'మడత కథ' అని అడిగి మరీ రాయించుకోవడానికి జనం క్యూ కట్టారు. మాస్టారు ఒక్కొక్కరికీ మాటలు కాస్త అటూ ఇటూ చేసి ఇచ్చారు. మొత్తం నలభై ఒక్కసార్లు అమ్మారు. అంతా ఇంగ్లీషులో కాబట్టి భార్యకు తెలియదు. కూతురికి చెప్పలేదు. ఆ నలభై ఒక్కమందిలో ఒకడు ఇప్పుడు పెద్ద బ్యాంకులో నష్టాలు ముందే పసిగట్టే విభాగానికి అధిపతి. బొత్తాం ఊడితే చొక్కా పారేస్తాడని విన్నాను.

ఇంతలో అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది. ఫైనాన్స్ చదవడానికి తనూ ఒక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెడతానంది. మాస్టారు కంప్యూటరు దగ్గరకు జరిగారు. 

"వద్దులే నాన్నా. నాది నేనే రాసుకుంటా. నాకు నిజంగానే జరిగింది కదా" అంది.

ఆయన కుర్చీ మళ్లీ వెనక్కి జరుపుకున్నారు. ఏం రాస్తున్నావమ్మా అని అడగలేదు. వేరే ఏదైనా రాస్తుందేమో, బస్సు టికెట్ల గురించో, గొడుగుల గురించో రాస్తుందేమో అని రెండు నెలలు ఆశపడ్డారు.

జవాబొచ్చింది. అమ్మాయి మిషను పక్కన నిలబడి తల్లికి అర్థం చెబుతూ చదివింది. అయ్యా లేక అమ్మా, మీరు సమర్పించిన తల్లి ఇప్పటికే నలభై ఒక్క దరఖాస్తులతో మాకు అంది ఉన్నారు. ఈ ఏడాదే కొత్తగా నెలకొల్పిన మా యంత్రం పరిశీలించగా మీ పత్రం తొంభై ఆరు శాతం నకలుగా తేలినది. అందులో ఒక కొలత కూడా తప్పుగా ఎక్కినది. పది రోజుల్లోగా దయచేసి మీ సొంత తల్లిని జతపరచండి.

తల్లి ముందు నవ్వింది. తరవాత మొగుడి మొహం చూసింది. మిషను ఆగింది. ఆయన దాచలేదు, మొత్తం చెప్పేశారు. ఆవిడ చాలాసేపు కత్తెర మూస్తూ తెరుస్తూ కూర్చుంది.

"నలభై ఒక్కమందిని కన్నానన్నమాట" అంది చివరికి. "ఒక్కడంటే ఒక్కడు ఫోన్ చేసి, అమ్మా తిన్నావా అన్నాడా?"

కూతురు మాత్రం అరవలేదు. నాకేం మిగిల్చావు నాన్నా అని మెల్లిగా అడిగింది. మాస్టారికి సిగ్గేసింది. అమ్మేటప్పుడు రాని సిగ్గు అప్పుడొచ్చింది. నలభై ఒక్కమందికి ఉద్దేశాలు పంచిన మనిషి, సొంత కూతురి దగ్గర ఉన్న ఒక్కదాన్నీ లాక్కున్నాడని ఆయనకు తెలిసొచ్చింది.

తప్పు దిద్దుకోవాలని తనే విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాశారు. ఆ తల్లి మా ఇంట్లోనే ఉంది, కావాలంటే ఫొటో పంపుతానన్నారు. జీవితంలో మొదటిసారి అక్షరం కల్పించకుండా రాశారు. నిబంధనల ప్రకారం ముందు సమర్పించిన వారిదే అసలు అని జవాబొచ్చింది. తేదీలను బట్టి మీ కుమార్తె ఆ తల్లికి నలభై రెండో సంతానమని కూడా స్పష్టం చేశారు. న్యాయమే కదా? కన్నంత మాత్రాన సరిపోతుందా, సకాలంలో దరఖాస్తు పెట్టుకోవద్దూ?

గడువుకు మూడు రోజులుందనగా మాస్టారు పెట్టె దించి మిగిలిన బాల్యాలన్నీ కూతురి ముందు పరిచారు. వరదలో పోయిన దుకాణం ఉంది. దాచుకున్నదంతా పోగొట్టుకున్న పిన్ని ఉంది. ఇంకా ఎవరికీ ఇవ్వని మంచి కరువొకటి ఉంది, తీసుకోమ్మా అని బతిమాలారు. ఆ పిల్ల వాటిని ముట్టుకోలేదు. కంప్యూటరు ముందు కూర్చుని మూడే మూడు వాక్యాలు కొట్టింది. ధరలు ఎందుకు మారతాయో తెలుసుకోవాలని ఉంది. తెలుసుకున్నాక మంచి ఉద్యోగం చేయాలని ఉంది. ఇంతకు మించి నాకేమీ జరగలేదు.

యంత్రం నిర్ఘాంతపోయింది. నకలు సున్నా శాతం! ఆ విశ్వవిద్యాలయం పుట్టాక ఎవరూ, ఎప్పుడూ, ఏ భాషలోనూ అలాంటి మాట రాయలేదని తేల్చింది. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. మీ పత్రం పూర్తిగా స్వంతమైనందుకు అభినందనలు. అయితే అందులో నిజాయితీతో కూడిన ఉద్దేశం కనబడనందున సీటు ఇవ్వలేకపోతున్నాము. మున్ముందు మీకు ఉపకరించేందుకు మా వద్దకు వచ్చిన వాటిలో ఉత్తమమైన పత్రాన్ని నమూనాగా జతపరుస్తున్నాము.

జతపరిచింది మడత కథ.

చదవమంది తల్లి. అమ్మాయి చివరిదాకా చదివి తెలుగులో చెప్పింది. తల్లి కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని వింది. 

"ఎవరి పేరు మీద ఉందో గానీ బాగానే ఉంది" అంది. "అంగుళమన్నదే తప్పు. నేను వదిలేది అంగుళంన్నర. అంగుళమైతే పిల్లలకు ఆర్నెల్లు కూడా రాదు."

"నేను అంగుళంన్నర అనే రాశానమ్మా" అంది కూతురు.

ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుంది. కొలత తప్పుగా ఎక్కినదన్న మాట ముగ్గురికీ అప్పుడే గుర్తొచ్చింది. పదిహేనేళ్లు అదే గదిలో, అదే మిషనుకు నాలుగడుగుల దూరంలో కూర్చున్న మాస్టారు ఏనాడూ ఒక్క నిక్కరు తిప్పి కొలిచి చూడలేదు. ఆయన కళ్లు నిండాయి. అలవాటు చొప్పున చెయ్యి కలం కోసం వెళ్లింది. ఈ కథకు గిరాకీ మామూలుగా ఉండదు మరి! భార్య చూసింది. కలం మళ్లీ డబ్బాలో పడేశారు.

అమ్మాయి ఇప్పుడు రెండు స్టాపుల అవతల ఉన్న కాలేజీలో అదే చదువు చదువుతోంది. ఆ కాలేజీ ఎంత వెనకబడిందో చెబితే మీరు నమ్మరు. దరఖాస్తులో నాలుగే గడులు. పేరు, పుట్టిన తేదీ, మార్కులు, సంతకం. తల్లి గురించి ఒక్క ముక్క అడగలేదు. నోట్‌బుక్ మాత్రం ఇంకా రాస్తోందట, పన్నెండోది నడుస్తోంది.

మొన్న బస్‌స్టాపులో కనబడితే, పత్రికలో ఈ కాలమ్ రాసే బాధ్యత దృష్ట్యా, ఈ చదువే ఎందుకమ్మా అని గట్టిగా నిలదీశాను. రెండు పేజీలు కాకపోయినా రెండు కన్నీటి చుక్కలైనా రాకపోతాయా అని చూశాను. ఆ పిల్ల బాగుంటుందండీ అని బస్సెక్కేసింది.

అదీ సంగతి! నలభై ఒక్కమంది ఎంతెంత ఉద్దేశాలతో విమానాలెక్కారు! ఈ పిల్ల మాత్రం, పాపం, ఏ ఉద్దేశమూ లేకుండా ఇష్టపడి చదువుకుంటోంది.