దేవేంద్రప్ప అంగడిలో చేతుల కుర్చీ

ఆ శనివారం పొద్దున విశ్వాసమ్మ వేసుకున్న లెక్క చాలా సులువైనది. మొదటి మోటారు బస్సులో కర్నూలు పోవాలి, పన్నెండు గజాల తెల్లగుడ్డ కొనాలి, మూడు గంటల మోటారులో తిరిగి రావాలి. అది 1938 ఎండాకాలం. నందికొట్కూరు దగ్గర వాళ్ల ఊళ్లో క్రైస్తవుల గుడి కట్టి యాభై ఏళ్లయిందని ఆదివారం పండుగ పెట్టుకున్నారు. బల్ల మీదికీ కిటికీలకూ కొత్త గుడ్డ తెచ్చే పని సంఘం ఆమెకు అప్పగించింది. పొద్దుండగా ఇల్లు చేరితేనే కుట్టడానికి వీలవుతుంది.

మొగుడు గాబ్రియేలు పాటల కాగితాల కోసం అచ్చాఫీసుకు పోతాడు. అరవై ఏళ్ల మోకాళ్లతో విశ్వాసమ్మ పది అంగళ్లు తిరగలేదు. అందుకే దేవేంద్రప్ప కొత్త అంగడికి పోవాలని అనుకున్నారు. అది తెరిచి పదిహేను రోజులే అయింది. గుడ్డలు, లాంతర్లు, పెట్టెలు, సబ్బులు, గొడుగులు అన్నీ అక్కడే దొరుకుతాయి. మోటారులో పంచిన కరపత్రంలో ఇలా ఉంది: "ముసలివారును ప్రయాణికులును మెట్లు ఎక్కనక్కర లేదు. నిలువబడనక్కర లేదు. కూర్చున్న చోటికే సరుకు వచ్చును. కావలసినవారిని మోటారు వరకు సాగనంపెదము."

కరపత్రం అబద్ధం చెప్పలేదు. మెట్ల పక్కన ఏటవాలుగా కడప బండలు పరిచి, పట్టుకోవడానికి ఇనుప కమ్మీ పెట్టారు. గుమ్మానికి తడిపిన వట్టివేళ్ల తడక వేలాడుతోంది. ఉరుకుందు అనే నలభై ఏళ్ల మీసాల గుమాస్తా ఆమెను చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయి, మెత్త వేసిన చేతుల కుర్చీ చూపించాడు.

విశ్వాసమ్మ వెనకాడింది. ఇన్నేళ్లూ పట్నం అంగళ్లలోకి ఆమె కులంవాళ్లను రానివ్వలేదు; ఆమె మెట్ల కిందే నిలబడి సరుకు అడిగింది.

"నన్నేనా నాయనా, కూర్చోమనేది?"

"నిన్నే అవ్వా. పెద్దోళ్ల కోసరమే ఏసిండేది అది."

ఆమె మోకాళ్లు మెల్లగా వంగే రకం కావు. దభీమని కూలబడింది. కింద ఏదో టక్కుమంది.

కొంగు సర్దుకుంటున్నట్టు చెయ్యి కిందికి పోనిచ్చి తడిమింది. సన్నని తీగ. ముక్కలైన గాజు. ఎవరివో కండ్లద్దాలు. లేచి చెప్పేద్దామని నోరు తెరిచేలోగా అంగడి యజమాని దేవేంద్రప్ప చేతులు ముందుకు చాచి తడుముకుంటూ వచ్చాడు.

"ఉరుకుందూ! నా అద్దాలు యాడ పెట్టినానో చూడ్రా. మద్రాసులో దొర డాక్టరు చూసి ఇచ్చినవి. అవి లేకుంటే నాకు పగలూ రాత్రీ ఒకటే!"

మద్రాసు అన్న మాట వినగానే విశ్వాసమ్మ కొంగుముడిలో ఉన్న డబ్బు తడిమి చూసుకుంది.

"ఏమ్మా, నీకేమన్నా కనపడినాయా?"

"నా కండ్లకైతే కనపడలేదప్పా" అంది విశ్వాసమ్మ. అది అబద్ధం కాదని ప్రభువుకు లోపల్లోపలే విన్నవించుకుంది. ఎవరికైనా తాము కూర్చున్నది కనపడుతుందా?

ఉరుకుందు అల్మారాలన్నీ వెతకసాగాడు. దేవేంద్రప్ప తనే గుడ్డ తెచ్చాడు. "ఇదో చూడమ్మా, పాలనురుగు మాదిరి ఎట్లుండాదో!"

"అది నల్లది నాయనా. గొడుగుకేసే గుడ్డ."

రెండోసారి ఎర్ర గళ్లది తెచ్చాడు. మూడోసారి తెల్లది తెచ్చాడు గాని, దారిలో స్తంభానికి దండం పెట్టి, "రాండి రాండి, కూర్చోండి" అని మర్యాద చేశాడు. తిరిగి పోతూ సబ్బుల దొంతరకు గుద్దుకున్నాడు. సబ్బులు దడదడమని రాలాయి. ఒక్కొక్కటీ రాలుతున్నప్పుడల్లా విశ్వాసమ్మ ప్రభువును తలుచుకుంది. ఇన్ని అంగళ్లలో తనకు కుర్చీ వేసినవాడు ఈయనొక్కడు. ఆయన చూపునే తాను నలిపేసి, దాని మీదే కూర్చుని ఉంది!

గుడ్డ కొలిచారు, మూట కట్టారు. ఇక లేవాలి. విశ్వాసమ్మ లాంతరు వత్తులు అడిగింది. అవి వచ్చాయి. సూదులు అడిగింది, గొడుగు చూపించమంది. ఇనుప పెట్టెలు ఎన్ని రకాలున్నాయో చూస్తానంది. ఉరుకుందు ఒక్కో పెట్టె మోసుకొచ్చి మూత తీసి చూపిస్తుంటే చెమట అతని మీసాల మీదికి కారింది. గోడ గడియారం రెండున్నర కొట్టింది.

గాబ్రియేలు కాగితాల కట్టతో వచ్చాడు. "లే మే, మోటారు టైమయితాంది."

ఆమె లేవలేదు. అంగడి యజమాని పక్కనే ఉన్నాడు. ఏం చెప్పాలో తోచక, "లేస్తే శానా కష్టమయితాది" అని మాత్రం అంది. అదీ నిజమే.

గాబ్రియేలు కాగితాల కట్ట చంకన పెట్టుకుని, వంగి ఆమె కాళ్లు తడిమాడు. "కాళ్లు రాలేదా?"

విశ్వాసమ్మ కండ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లను అతను వేరుగా అర్థం చేసుకున్నాడు. "మీ అమ్మకూ ఇట్లనే గదే! కూర్చున్నామె కూర్చున్నట్టే పడిపాయె!"

"పచ్చవాతం!" అని ఉరుకుందు పెట్టె కింద పడేశాడు.

ఆ మాట వట్టివేళ్ల తడక దాటి వీధిలోకి పోయింది. కొద్దిసేపట్లో గుమ్మం ముందు ఇరవై మంది చేరారు. "ఆ కుర్చీలో కూర్చుంటే కాళ్లు పడిపోతాండాయంట" అని ఒకామె పక్కామెకు చెప్పడం దేవేంద్రప్ప చెవిన పడింది. పదిహేను రోజుల అంగడి కండ్లముందే మునిగిపోతున్నట్టయింది ఆయనకు. ఆమె ఎంత తొందరగా పట్నం దాటితే అంత మేలనిపించింది.

"ఎత్తండ్రా! కుర్చీతోనే మోటారు కాడికి చేర్చాల. నందికొట్కూరులో ఆస్పత్రి ఉండాది, వాళ్లూరికి దగ్గర. కరపత్రంలో మాటిచ్చినాం గదా!"

ఉరుకుందు, గాబ్రియేలు, మూటలు మోసే ఇద్దరు మనుషులు కలిసి కుర్చీ ఎత్తారు. దేవేంద్రప్ప గుడ్డమూట చంకన పెట్టుకుని, కుర్చీ వెనక పట్టుకుని తడుముకుంటూ నడిచాడు. ఏటవాలు బండ మీద కుర్చీ ముందుకు వాలింది. విశ్వాసమ్మ రెండు చేతులా కుర్చీని పట్టుకుంది. అంతవరకు ఆమె చేసింది పగలగొట్టడమే. ఇప్పుడు ఎదుటివాడి సొత్తు కింద పెట్టుకుని ఊరు దాటుతోంది. రేపు పండుగలో ముందు వరసలో కూర్చోవలసిన మనిషి!

"ఆపండప్పా!" అని అరిచింది.

"నొప్పి ఎక్కువయినట్టుండాది! బిరబిరా నడవండి!" అన్నాడు గాబ్రియేలు. వాళ్లు పరుగందుకున్నారు. వెనక జనం అరవై మందయ్యారు. వీధి చివర, చాలా దూరంలో, దుమ్ములో ఒక మోటారు కదలడానికి సిద్ధంగా ఉరుముతోంది.

"ఆగండ్రా!" అని దేవేంద్రప్ప గట్టిగా కేక వేశాడు. "అది ఆత్మకూరుది! పలక మీద రాసుండాది గదా! మనది దాని వెనకాల ఉండాది. డ్రైవరు ఇంకా బీడీ ముట్టిస్తాండాడు, తొందర లేదు!"

మోసేవాళ్లు నిలబడిపోయారు. అందరూ కండ్లు చిట్లించి దుమ్ములోకి చూశారు. పలక ఉందని కూడా ఎవరికీ తెలియలేదు.

కుర్చీ కిందికి దిగింది. విశ్వాసమ్మ నిటారుగా లేచి నిలబడి దేవేంద్రప్ప వైపు తిరిగింది. "ఏమప్పా, నీకు కనపడతాందా?"

"నీవు నిలబడినావా?" అన్నాడు దేవేంద్రప్ప.

ఇద్దరూ ఒకేసారి కుర్చీ వైపు చూశారు. మెత్త మీద వంకర పోయిన తీగ, నాలుగు గాజు ముక్కలు ఉన్నాయి.

గాబ్రియేలు అందులో పెద్ద ముక్క తీసుకుని పాటల కాగితం మీద పెట్టి చూశాడు. అక్షరాలు పెద్దవీ కాలేదు, చిన్నవీ కాలేదు. "ఇది ఉత్త కిటికీ గాజు గదప్పా!"

"మెల్లగా మాట్లాడు నాయనా" అని దేవేంద్రప్ప అతని చెయ్యి పట్టుకున్నాడు. "బళ్లారి జాతరలో కొన్నా. ముఖానికి అద్దాలుంటే చదువుకున్న సావుకారని నలుగురూ నమ్ముతారని పెట్టుకుంటి. పొద్దున పోయినాయని అరిచేసినా. అరిచినాక కనపడతాందని ఎట్ల చెప్పేది?"

"కూర్చున్నాక నేను మాత్రం ఎట్ల లేసేది?" అంది విశ్వాసమ్మ. అద్దాలకు డబ్బిద్దామని కొంగుముడి విప్పబోతే ఆయన వద్దని వారించాడు. ఈ మాట తమ ముగ్గురినీ దాటకుండా చూస్తే చాలన్నాడు. గుడ్డమూట తనే మోసి, మోటారులో కిటికీ పక్కన చోటు చూసి కూర్చోబెట్టాడు. కూర్చునే ముందు విశ్వాసమ్మ బల్లంతా చేత్తో తడిమి చూసుకుంది.

ఆ ముగ్గురూ గుసగుసగా మాట్లాడుకున్నది జనానికి వినపడలేదు. వాళ్లు చూసింది వేరు. కాళ్లు పడిపోయినామె కుర్చీలోంచి లేచింది. ఆ కుర్చీ పట్టుకుని నడిచిన గుడ్డి సావుకారు మోటారు పలక చదివాడు. మోటారు నందికొట్కూరు చేరేలోగా ఆ సంగతి ఎదురు దిక్కున ఆలూరు దారి పట్టింది.

సోమవారం దేవేంద్రప్ప తలుపు తీసేసరికి ఏటవాలు బండ మీద మోకాళ్ల నొప్పులవాళ్లు పదకొండు మంది, చూపు ఆననివాళ్లు నలుగురు వరసగా కూర్చుని ఉన్నారు. సరుకు కావాలన్నవాళ్లు ఒక్కరూ లేరు.